కొత్త జ్వరం

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూలు వాళ్ళు సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పి రిటైరైన ముసలిదాన్ని కదా అని నన్ను జడ్జీగా పిలిచారు. శాలువా కప్పి, సోడా ఇచ్చి, హాలంతా తిప్పి చూపించారు. గోడల పొడుగునా చార్టులు. ఏ చార్టులో చూసినా అవే పెట్టెలు, పెట్టెల మధ్య అవే బాణాలు: పరిశీలన, ఊహ, ప్రయోగం, ఫలితం, నిర్ధారణ. దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఒక చార్టు ముందు జడలకి రిబ్బన్లు కట్టుకుని నిలబడ్డ పిల్లని, "నువ్వు అనుకున్నది ప్రయోగంలో తప్పని తేలిందనుకో, అప్పుడేం చేస్తావమ్మా?" అని అడిగాను. పిల్ల తెల్లమొహం వేసి మేష్టారి వంక చూసింది. మేష్టారు చేతులు నలుపుకుంటూ, "తప్పని తేలదండీ. నిన్న మూడుసార్లు చేయించి మరీ చూశామండీ," అన్నారు. తక్కిన జడ్జీలు మెచ్చుకోలుగా తలలూపారు. ఆ మేష్టారిలో నాకు మా పెదనాన్నగారు కనిపించారు. అరవై ఏళ్ళు గడిచినా ఆయన పోలేదన్నమాట, చార్టులు గీయిస్తున్నారు.

మాది ఏలూరు. కాలవగట్టు మీద పెదనాన్నగారికి తాళ్ళ కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. మోకులు, పలుపుతాళ్ళు, చేదతాళ్ళు, అన్నిటికన్నా ముఖ్యంగా వలలల్లుకునే నూలు అమ్మేవాళ్ళం. కొల్లేటి లంకలనుంచి దోనెల మీద వచ్చి చేపలు పట్టేవాళ్ళే మాకు ఖాతాదార్లు. నాకు ఊహ తెలిసేసరికే మా నాన్న లేరు. అమ్మా నేనూ పెదనాన్నగారి పంచన ఉండేవాళ్ళం. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది. కొత్త కొబ్బరిపీచు వాసన, వలలు నానబెట్టడానికి పెరట్లో కాగులో ఉడికే తుమ్మచెక్క వగరు వాసన, వానాకాలంలో వాటన్నిటి మీదా కాలవ బురద వాసన. పెదనాన్న తెల్లవారగట్ల కాలవలో మునిగి వచ్చి, విభూతి పెట్టుకుని, వెండి గ్లాసులో కాఫీ తాగి, పంచె మీద కోటు తొడుక్కుని కొట్లో కూర్చునేవారు. కోటు తొడుక్కుని తాళ్ళమ్మిన మనిషి ఏలూరు మొత్తానికి ఆయనొక్కరే. ఎందుకంటే ఆయన ఇంటర్మీడియట్ దాకా వెళ్ళారు, అదీ సైన్సు. పరీక్ష ఎందుకు పాసవలేదని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. పేపర్లు దిద్దినవాడికి సైన్సు రాదని ఆయనే ఒకసారి చెప్పారు.

కోటుతోపాటు ఆయనకి తండ్రిగారినుంచి వచ్చిన విద్య ఒకటుంది, జ్వరం తాడు. వలనూలు మూరెడు తెంపి, పసుపు రాసి, ఏదో గొణుగుతూ ఏడు ముళ్ళు వేసి ముంజేతికి కడితే చలిజ్వరం పోతుందని పేరు. ఆ జ్వరం గురించి ఈ కాలంవాళ్ళకి చెప్పాలి. వానలు వెనకబట్టాక మొదలయ్యేది. ఒకనాడు మధ్యాహ్నం వణుకు, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. తర్వాత పెనంలా కాలిపోయే ఒళ్ళు, సాయంత్రానికి చెమటలు. మర్నాడు మనిషి లేచి తిరుగుతాడు, పనికి కూడా పోతాడు. ఆ మర్నాడు మళ్ళీ అదే వేళకి వణుకు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం అది. తాడు కట్టించుకోవడానికి ఎవరైనా ఎప్పుడు వస్తారు? జ్వరం వచ్చిననాడు వస్తారు. మర్నాడు జ్వరం ఉండదు. తాడు కట్టినా ఉండదు, కట్టకపోయినా ఉండదు. కానీ కట్టారు కాబట్టి తాడే పోగొట్టింది. ఇంత చిన్న సంగతి కోటు తొడుక్కున్న ఒక పెద్దమనిషికి పాతికేళ్ళపాటు తట్టలేదంటే నేను నమ్మను, తట్టనివ్వలేదు.

మరి మూడోనాడు జ్వరం తిరిగొస్తేనో? దానికి ఆయన దగ్గర రెండు జవాబులుండేవి. మొదటిది పథ్యం. తాడు కట్టాక మూడురోజులు నీరు దాటకూడదు. కొల్లేటి మధ్య లంకలో ఇల్లున్నవాడు నీరు దాటకుండా ఇంటికెలా పోతాడో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. కట్టించుకున్న ప్రతివాడూ గంట తిరక్కుండా దోనె ఎక్కేవాడు, అంటే ప్రతివాడూ పథ్యం తప్పినవాడే. రెండో జవాబు ఇంకా గొప్పది. "పాత జ్వరం పోయిందయ్యా. ఇది కొత్త జ్వరం," అనేవారు. ఆ ఒక్క మాటతో ఆయన తాడు ఏనాటికీ ఓడిపోకుండా అయిపోయింది. మళ్ళీ వస్తే కొత్త జ్వరం, దానికి కొత్త తాడు. జ్వరం తనంతట తాను సద్దుమణిగిన వాళ్ళు తాడు విప్పి తెచ్చి కొట్టు ముందు కొక్కేనికి తగిలించి పోవడం ఆనవాయితీ. ఆ పచ్చతాళ్ళ గుత్తి నా చెయ్యంత లావుండేది. జ్వరంతో చనిపోయినవాళ్ళ తాళ్ళు వాళ్ళ చేతులకే ఉండిపోయేవి. ఆ గుత్తిని చూపిస్తూ పెదనాన్న నాలుగు వేళ్ళూ మడుస్తూ ఇంగ్లీషులో చెప్పేవారు: "అబ్జర్వేషన్, హైపాథిసిస్, ఎక్స్‌పెరిమెంట్, కన్‌క్లూజన్. మనది ఉత్త నమ్మకం కాదు, సైంటిఫిక్ మెథడ్." బేరానికి వచ్చినవాళ్ళు ఆ మాటల్నీ మంత్రంలో భాగమే అనుకుని దణ్ణం పెట్టేవారు. తాళ్ళకి పసుపు రాయడం నా పని. నాకప్పుడు పన్నెండేళ్ళు, గొప్ప పని చేస్తున్నాననే అనుకునేదాన్ని.

ఆ ఏడు వినాయక చవితి వెళ్ళాక నాగాయమ్మ అనే ఆవిడ మొగుణ్ణి తీసుకుని వచ్చింది. వాళ్ళది గుండుగొలను నుంచి దిగువకి పోతే వచ్చే లంక. ఆయన పేరు వెంకన్న. ఎముకలు పెద్దవి, కండ కరిగిపోయింది. రెండుసార్లు అప్పటికే తాడు కట్టించుకుని పోయారు, రెండుసార్లూ పథ్యం తప్పారని పెదనాన్న తిట్టారు. ఈసారి నాగాయమ్మ మొగుడికి తాడు కట్టించి, ఇంటికి పోకుండా, కాలవకి ఇవతలే ఉన్న సత్రం అరుగు మీద మూడురోజులు మకాం పెట్టింది. వెంకన్న నీళ్ళు తాగాడే కాని నీళ్ళు దాటలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఆయన వణుకుతుంటే గోనెపట్టా కప్పి నడిపించుకొచ్చి కొట్టు మెట్ల మీద కూర్చోబెట్టింది.

"నీరు దాటలేదండి సావుకారుగారూ. సత్రం వాళ్ళనడగండి," అంది.

పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని, "అయితే ఇది కొత్త జ్వరం," అన్నారు.

"పాతది ఎప్పుడు పోయిందండి?"

"నిన్న లేదుగా?"

"మొన్నటికి ముందునాడూ లేదండి. అప్పటికి ఈ తాడు కట్టలేదు కదండి." ఆవిడ చాలా మర్యాదగా అడిగింది. "ఏవండి, జ్వరం లేనినాడు ఈ తాడు కట్టించుకుంటే ఏమవుద్దండి?"

నేను ఆ తర్వాత కాలేజీలో చదివాను, లాబొరేటరీల్లో నిలబడ్డాను, ట్రైనింగుల పేరుతో పెద్దపెద్దవాళ్ళ ఉపన్యాసాలు విన్నాను. అంతకన్నా సూటి అయిన సైన్సు ప్రశ్న నా చెవిన పడలేదు. ఇంటర్మీడియట్ దాకా చదివిన మా పెదనాన్నగారు దానికిచ్చిన జవాబు ఇది: "జ్వరం లేనివాడికి తాడెందుకే, తలతిక్క మనిషీ."

ఆయన భోజనానికి లేచాక నేను వెంకన్నకి వేడి గంజి పట్టుకెళ్ళాను. ఆ ప్రశ్న నీకెలా తోచిందని నాగాయమ్మని అడిగాను. ఆవిడకి అందులో వింతేమీ కనిపించలేదు, తమ మావుల సంగతి చెప్పింది. మావులంటే వెదురుపుల్లలతో బుట్టల్లా అల్లి నీళ్ళలో పాతే ఉచ్చులు, చేప లోపలికి పోతుంది కాని బయటికి రాదు. "మావుల్లో చేప పడకపోతే ఒక్కటే మారుస్తామండి అమ్మాయిగారూ. మూతి తిప్పితే మూతే తిప్పుతాం. చోటు మారిస్తే చోటే మారుస్తాం. ఒక మావుని అసలు కదపకుండా ఉంచుతాం. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏదాని వల్ల పడ్డాయో మాకెలా తెలుస్తదండి? తిండి కదండి మాకు," అంది. తర్వాత మొగుడి వంక చూసి గొంతు తగ్గించింది. "ఈయన్ని ఇట్టా ఎన్నిసార్లు తిప్పనండి? తాడు పనిచేస్తదంటే ఎంత దూరమైనా తెస్తాను. చెయ్యదంటే ఆసుపత్రికి తీసుకుపోతాను. ఆయన వద్దంటాడు, ఆసుపత్రంటే భయమండి. తాడు ఉంది కదా అంటాడు. మీరు రోజూ చూస్తుంటారు, ఎవరికైనా కట్టినప్పుడు చూసి చెప్పండమ్మా." చెప్తానన్నాను.

నెల తిరక్కుండా మా అమ్మకే ఆ జ్వరం వచ్చింది. పెంటపాడులో పుట్టింటికి వెళ్ళి వచ్చిన వారానికి పడుకుంది. పెదనాన్న బావగారు కాబట్టి గదిలోకి రారు. గుమ్మంలో నిలబడి ముళ్ళు వేసి ఇస్తే నేను అమ్మ చేతికి కట్టాను. నీరు దాటడం మాట అటుంచి అమ్మ గది గడపైనా దాటలేదు. నేను ఆ గదిలోనే ధాన్యం గాదె పక్కనున్న మట్టిరంగు గోడ మీద తమలపాకుల సున్నంతో రోజుకో గుర్తు పెట్టాను. జ్వరం వచ్చిననాడు చుక్క, రానినాడు గీత, తాడు కట్టిననాడు పక్కన అడ్డగీత. చుక్క, గీత, చుక్క, గీత. అడ్డగీత వల్ల ఆ వరస ఒక్కసారి కూడా చెదరలేదు. అమ్మ మంచం మీదనుంచి ఆ గోడకేసి చూసేది. చదువుకున్నది కాదు కాని తెలివైంది. నాగాయమ్మ అడిగిన మాట నేను చెప్పేసరికి ఆవిడకి నవ్వు వచ్చింది. "అయితే రేపు జ్వరం రాదుగా. రేపు వణుకుతానుండు," అంది.

మర్నాడు మధ్యాహ్నం మా అమ్మ ఆడిన నాటకం ఏ సురభి కంపెనీ వాళ్ళూ ఆడలేరు. మూడు దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటకలాడించి, మంచం కిర్రుమనేలా వణికింది. పెదనాన్న గుమ్మంలో నిలబడి ముఖం గంభీరంగా పెట్టి ఏడు ముళ్ళూ వేశారు. నేను కట్టాను. నాకు నవ్వాగక ఓణీ చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ మర్నాడు అదే వేళకి అసలు జ్వరం వచ్చింది. పెదనాన్నకి కబురు పెట్టాం. ఆయన వచ్చి, అలవాటు ప్రకారం, "నిన్నటిది పోయింది. ఇది కొత్త జ్వరం," అన్నారు.

అమ్మ దుప్పట్లోంచి వణుకుతూనే, "బావగారూ, నిన్న నాకు జ్వరం లేదండీ. ఉత్తినే వణికాను," అంది.

నేను గోడ మీది చుక్కలు చూపించాను. ఆయన గుమ్మంలోంచే చాలాసేపు చూశారు. ఆయనకి అర్థమైంది. అర్థంకాని మనిషి అంతసేపు చూడడు.

"అబద్ధమాడి కట్టించుకుంటే తాడు పనిచేస్తుందా?" అన్నారు చివరికి.

"నిజంగా వచ్చిననాడు కట్టినా అంతేగా పెదనాన్నా?" అన్నాను.

"గోడలు పాడుచెయ్యకు," అనేసి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే మనిషిని పిలిపించి ఆ గదికి వెల్ల వేయించారు. పండగ కాదు, పబ్బం కాదు, ఇంట్లో తక్కిన గదుల జోలికి పోలేదు. ఆ ఒక్క గోడకి రెండు పూతలు.

ఆయన మూర్ఖుడై ఉంటే నాకింత కసి ఉండేది కాదు. ఆ సాయంత్రం ఆయన పోస్టాఫీసుకి వెళ్ళారు. అప్పట్లో క్వినైన్ పొట్లాలు పోస్టాఫీసుల్లో దొరికేవి. అది ఒంట్లో వేడి పుట్టించి రక్తాన్ని విరగ్గొడుతుందని పదిమందికీ చెప్పిన పెద్దమనిషి, కోటు జేబులో దాచి తెచ్చి, కషాయం పొడి అని తన భార్య, మా దొడ్డమ్మ చేత లోపలికి పంపారు. పొట్లం మీది అక్షరాలు నాకు చదవడం వచ్చు. అమ్మ ఆ చేదు మింగింది, చెవుల్లో హోరుమంటోందని రెండురోజులు చెప్పింది, జ్వరం పోయింది. తిరిగి రాలేదు. తాడు మాత్రం చేతికి అలాగే ఉంది. పదోనాడు పెదనాన్న దాన్ని విప్పించి తీసుకుపోయి కొట్టు ముందు గుత్తిలో తగిలించారు. "మా మరదలికి తగ్గింది," అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకున్నారు. నేను అమ్మ దగ్గరికి వెళ్ళి ఒళ్ళు మండిపోతూ అడిగాను, మనమైనా నిజం చెప్పొద్దా అని. "ఆయన పంచన ఉన్నాం తల్లీ. మందు తెచ్చిచ్చారు, అది చాలు. నోరు మెదపకు," అంది అమ్మ.

దీపావళి వెళ్ళిన నాలుగోనాడు నాగాయమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంకన్నని ఇద్దరు మనుషులు దోనెలోంచి ఎత్తి దించారు. కడుపులో ప్లీహం వాచి బల్ల కట్టి పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రి పదమంటే ఆయన మొండికేశాడు. పెదనాన్న గుత్తి వంక చెయ్యి చూపించి, "మా ఇంట్లో మా మరదలికి ఇదే జ్వరం, ఇదే తాడు. కావాలంటే ఈ పిల్లనడుగు," అన్నారు. నాగాయమ్మ నా వంక తిరిగింది. పెదనాన్న నూలు తెంపి నా చేతికిచ్చారు. నేను తల వంచుకుని దానికి పసుపు రాశాను. రాసి ఆయన చేతికి అందించాను. ఇప్పుడు తలుచుకుంటే, ఒక్క మాట, 'పోస్టాఫీసు' అన్న ఒక్క మాట నా నోటినుంచి వచ్చి ఉంటే చాలు. రాలేదు.

ఈమధ్య ఆ లంకల దారినే వెళ్ళాను. దెందులూరు దాటాక రోడ్డు దిగి చూస్తే కొల్లేరు లేదు, గట్లు కట్టిన చేపల చెరువులున్నాయి. చెరువుల ఆసామి ఒకాయన నన్ను కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చి తన వ్యాపారం చెప్పాడు. చేపకి తెగులొస్తే సున్నం చల్లుతాడట, నీరు మారుస్తాడట, మేత మానేస్తాడట, అయిదు రకాల మందులు పోస్తాడట, అన్నీ ఒకే పూట. తెగులు తగ్గితే ఆఖరున పోసిన మందు గొప్పదట. తగ్గకపోతే ఇది కొత్త తెగులట. ఆ మాట విని నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆయన కొడుకు ఎమ్మెస్సీ చదివాడు, పక్కనే కూర్చుని ఔనౌనన్నాడు. మా కాలంలో అజ్ఞానానికి చదువు లేదన్న సాకైనా ఉండేదంటారు. నాకా సాకు మీద నమ్మకం లేదు. ఆ రోజుల్లో ఏలూరు కాలవగట్టు మీద చదువుకున్నవాడు మా పెదనాన్న, చదువు లేనిది నాగాయమ్మ. ఏది నిజమో తెలుసుకోవలసిన అవసరం ఆవిడకుంది. ఈయనకి తాను చెప్పింది నిజం కావడమే అవసరం. అప్పుడూ ఇప్పుడూ అంతే తేడా, పెట్టెలూ బాణాలూ ఎన్ని గీసినా మారని తేడా.

ఆ ఏడు కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం నాగాయమ్మ ఒక్కతే వలనూలు కోసం వచ్చింది. నుదుట బొట్టు లేదు. పున్నమినాడు పోయాడని చెప్పింది. పెదనాన్న భీమడోలులో ఏదో పెళ్ళికి వెళ్ళారు. కొట్లో నేనూ దొడ్డమ్మా ఉన్నాం, దొడ్డమ్మ కునుకు తీస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. సున్నం చుక్కల సంగతి, అమ్మ ఉత్తుత్తి వణుకు సంగతి, పోస్టాఫీసు పొట్లాల సంగతి అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. తాడు వల్ల ఏమీ జరగదని తేలిపోయిందని చెప్పాను. ఆవిడ నూలు చుట్ట చేత్తో పట్టుకుని అంతా విన్నది.

"ఎప్పుడు తేలిందండి?" అని అడిగింది.

"దసరాలకి ముందు."

ఆవిడ లోపల్లోపల ఏదో లెక్క చూసుకుంది. నూలు చుట్ట కొంగులో మూట కట్టుకుంది.

"అయితే మేము దీపావళెళ్ళాక వచ్చినప్పుడు, ఆ తాడుకి పసుపు రాసిచ్చారు కదండి. అది తెలిసే రాశారాండి?"

ఔనన్నాను.